రూతమ్మ కొలతల బుక్కులో కరెంటు టవరు

2018 ఫిబ్రవరి. నగరంలో మెట్రో రైలు మొదలై ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు. మా బంధువులంతా ఆదివారాలు పనిగట్టుకుని అమీర్‌పేట పోయి, ఎక్కి, దిగి, నాకు ఫొటోలు పంపుతున్నారు. నేను మాత్రం మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డుకు లోపలగా, ఒక మొరం నేలలో, నాలుగు గోతుల పక్కన గొడుగేసుకుని నిలబడి ఉన్నాను. ఒక్కో గొయ్యి ఒక చిన్న గదంత ఉంది. మర్నాడు పొద్దున వాటిలో కాంక్రీటు పోయాలి. పోసేశాక ఆ నేల మీద ఒక పెద్ద టవరు లేస్తుంది, ఇక దాన్ని ఎవరూ కదపలేరు.

నేను చేసే పని ఏమిటో మా ఇంట్లోవాళ్లకే సరిగా తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మా అమ్మ "కరెంటాఫీసు" అంటుంది. అడిగినవాళ్లు వెంటనే తమ వీధిలో లో వోల్టేజి కష్టాలు మొదలుపెడతారు. నిజానికి నేను ట్రాన్స్‌మిషన్ లైన్ల సర్వే ఇంజినీర్ని. కరెంటు ఏ దారిన రావాలో, ఆ దారిలో ఏ టవరు ఏ రాయి దగ్గర నిలబడాలో నేల మీద నడిచి గుర్తులు పెట్టడం నా పని. వీధిలో బల్బు వెలగకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. నేనూ కొవ్వొత్తే వెలిగిస్తాను.

ఆ ఏడు మేం వేస్తున్నది 765 కేవీ లైను. మీ ఇంట్లో ప్లగ్గు దగ్గర ఉండేది 230 వోల్టులు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చేది పదకొండు వేలు. మా లైనులో ఉండేది ఏడు లక్షల అరవై ఐదు వేలు. బొగ్గు గనుల పక్కన తయారైన కరెంటు వందల కిలోమీటర్లు దాటి మన దాకా రావాలంటే అంత వోల్టేజి, అంటే అంత ఒత్తిడి కావాలి. ఒత్తిడి పెరిగిన కొద్దీ దారిలో వేడిగా పోయే నష్టం తగ్గుతుంది. అందుకే మన పెద్ద లైన్లు 132 నుంచి 220కి, అక్కడి నుంచి 400కి, ఆపైన 765కి ఎదుగుతూ వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో 220 లైను టవరు కింద నిలబడి నోరు తెరిచాను. ఇప్పుడు అది నా కంటికి మరుగుజ్జులా కనిపిస్తుంది.

ఒత్తిడి పెరిగితే లైనుకు కావలసిన చోటూ పెరుగుతుంది. ఈ తీగల కింద అరవై ఏడు మీటర్ల వెడల్పున ఒక పట్టీ ఖాళీగా ఉండాలి. దాన్ని కారిడార్ అంటాం. అందులో మక్కజొన్న వేసుకోవచ్చు, బర్రెలు మేపుకోవచ్చు, ఇల్లు మాత్రం ఉండకూడదు. ఊళ్లు పలచగా ఉండే చోట ఇదేమంత కష్టం కాదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు అలా కాదు. పొద్దున చేను ఉన్నచోట సాయంత్రానికి వెంచరు బోర్డు ఉంటుంది. మేం మ్యాపు మీద గీసిన దారి నేల మీదికి వచ్చేసరికి దాని అడ్డంగా ఒక కాలనీ పుట్టి ఉంటుంది. ఈ పదిహేను కిలోమీటర్ల ముక్క కోసం మా కాగితాల మీద దారి మూడుసార్లు మారింది.

లైను ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆ బిందువును యాంగిల్ పాయింట్ అంటాం. అక్కడ నేలలో ఒక రాయి పాతి, సున్నం కొట్టి, ఎర్ర రంగుతో నంబరు వేస్తాం. రెండు మలుపు రాళ్లు ఖాయమైతే వాటి మధ్య టవర్లన్నీ తాడు పట్టినట్టు ఒకే వరసలో పడతాయి. అంటే మా లైను జాతకమంతా ఆ రాళ్ల చేతిలో ఉంటుంది. ఈ కథ తొమ్మిదో నంబరు రాయిది.

ఆ రాయిని పాతింది నేనే. అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో. నాతో సైదులు ఉన్నాడు. మా చైన్‌మన్, అంటే కొలత గొలుసు పట్టే మనిషి. ఇప్పుడు గొలుసులు లేవు, అయినా పేరు పోలేదు. మిషన్లు రాకముందు నుంచీ ఈ పనిలో ఉన్న పెద్దాయన. ఆయనకొక అలవాటు ఉండేది. రాయి పాతే ముందు గుంతలో ఒక దోసెడు బొగ్గులు పోసేవాడు. బొగ్గుల సంచి భుజానికి తగిలించుకుని లైను పొడవునా నడిచేవాడు.

"ఎందుకు సైదులూ, కుంపటి పెడ్తవా?" అని నేను ఏడిపించేదాన్ని.

"రాయిని ఎవడన్న పీకొచ్చు మేడం. బొగ్గును ఎవడు పీకుతడు? బొగ్గును చెదలు తినది, మట్టి తినది, ఆఖరికి కాంట్రాక్టరు గూడ తినడు" అనేవాడు.

నేను నవ్వి వదిలేసేదాన్ని. నా చేతిలో టోటల్ స్టేషన్ ఉంది. దూరం, కోణం రెండూ కలిపి కొలిచే మిషన్ అది. కిలోమీటరు అవతల పట్టుకున్న అద్దాన్ని చూసి దూరం మిల్లీమీటర్లలో చెబుతుంది. అలాంటిది చేతిలో ఉన్నదానికి బొగ్గులతో పనేమిటి? అదే గర్వంతో ఇంకో పని కూడా ఎగ్గొట్టాను. ప్రతి మలుపు రాయికీ చుట్టుపక్కల కదలని వస్తువులు, అంటే ఇంటి మూల, బావి గట్టు, వంతెన గోడ లాంటివి మూడు చూసి, వాటి నుంచి దూరాలు టేపుతో కొలిచి ఫారంలో రాయాలి. వాటిని టై కొలతలు అంటాం. ఎండ మండిపోతోంది, ఫారంలో ఆ గళ్లు ఖాళీగా వదిలేశాను. చేతి జీపీఎస్ అంకె ఒకటి రాసి చేతులు దులుపుకున్నాను. అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుందని తెలిసి కూడా.

రూతమ్మను మొదటిసారి చూసింది ఆ రోజే. రాయికి తూర్పున చిన్న క్రైస్తవ కాలనీ ఉంది. ఓ ముప్పై ఇళ్లు, నీలం రంగు వేసిన ఓ చర్చి. కాలనీలో మొదటి ఇల్లు ఆమెది. టైలరు. భర్త మేడ్చల్ బస్సు డిపోలో మెకానిక్కు. యాభై దాటిన మనిషి, మెడలో టేపు వేసుకుని ఎండలో నడిచి మా దగ్గరికి వచ్చింది.

"ఏందమ్మా గిది? రోడ్డా?"

"కరెంటు లైను వస్తాంది."

"మా ఇంటి మీదికెల్లి పోతదా?"

నేను మిషన్‌లో చూసి చెప్పాను. "పోదు. నీ ఇల్లు మా పట్టీకి అవతల ఇరవై ఆరడుగులు ఉంది. ఫికర్ లేదు."

ఆమె నమ్మినట్టు తలూపింది. తర్వాత నన్ను కిందికీ మీదికీ చూసి, "మేడం, ఆ చొక్క ఎవల్ది? భుజాలు మోచేతుల కాడికి జారుతున్నయి" అంది. కంపెనీ ఇచ్చే యూనిఫాం అది. మగవాళ్ల కొలతలకు కుట్టిస్తారు. సైదులు మొహం తిప్పుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

వానాకాలంలో మళ్లీ వెళ్లాను. గోతులు తవ్వే ముందు ఒకసారి అన్నీ సరిచూసుకోవాలి, దాన్ని చెక్ సర్వే అంటాం. తొమ్మిదో రాయి నిటారుగా, తెల్లగా, మొదలు చుట్టూ సిమెంటు పోసి మరీ ఉంది; మావాళ్లే ఎవరో పోశారనుకున్నాను. దాని మీద మిషన్ నిలబెట్టి చూస్తే మలుపు కోణం పాత లెక్కకు ఒక పిసరు తేడా వచ్చింది. జీపీఎస్ అంకె కూడా కొంచెం జరిగినట్టుంది. నేను ఏమనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. 'ఎండ వేడికి గాలి అల్లాడి అప్పుడు కోణం తప్పు పడి ఉంటుంది, ఇప్పుడు చల్లగా ఉంది కాబట్టి ఇదే సరైనది' అనుకున్నాను. కొత్త అంకె రాసి సంతకం పెట్టాను. రాయి మీద అనుమానమే రాలేదు. రాయి ఎక్కడికి పోతుంది?

ఆ సంతకం ఆధారంగా మావాళ్లు కారిడార్ గీతలు గీసుకుంటూ పోయారు. ఫిబ్రవరిలో గోతులు తవ్వారు. రూతమ్మ ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీత పెట్టారు. ఈ ఇల్లు పట్టీలోకి వస్తుంది, ఖాళీ చేయాలి అని ఆ గీతకు అర్థం. ఆ గీత పెట్టిన మర్నాడే ఆమె నా గొడుగు కిందికి వచ్చింది. ఈసారి చేతిలో ఒక పాత లాంగ్‌బుక్కు ఉంది.

"మేడం, మీ రాయి జరిగింది" అంది.

"రాయి జరగదమ్మా."

"జరిగింది. మీరు పోయినేడు ఇరవై ఆరడుగులు అవతల అన్నరు. ఇప్పుడు మా ఇంటిల పద్నాలుగడుగులు మీదే అంటున్నరు. ఇల్లు నడువలేదు గద?"

"అప్పుడు లెక్క తప్పు పడ్డదేమో. మళ్లా కొలిచిన."

రూతమ్మ గొంతు పెంచలేదు. వేలు పెట్టి తన ఇంటి మీదికి చూపించింది. పైన రెండో అంతస్తుకు సెంట్రింగ్ కొట్టి, ఇనుము కట్టి సిద్ధంగా ఉంది. "గా మీది అర్ర నా కుట్టు సెంటర్ మేడం. ఆరు మిషన్లు పెడ్తున్న. మా కాలనీల ఆడోళ్లకు నేర్పిస్త. పదేండ్ల సంది అనుకుంటున్న పని. రేపు పొద్దుగాల మీరు కాంక్రీటు పోస్తరు. ఎల్లుండి నేను స్లాబు పోయాలె. మనిద్దరిల ఒక్కలే పోస్తరు."

నేను గొంతు పెంచాను. జవాబు లేనప్పుడు నేను చేసే పని అదే. "మిషన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

"మిషన్ సంగతి నాకు తెల్వది. నా బుక్కు సూడుండ్రి" అని లాంగ్‌బుక్కు తెరిచింది.

అది జాకెట్ల కొలతల బుక్కు. పేజీకి ఆరేడు పేర్లు. సుజాత, ఛాతీ ఇంత, చెయ్యి ఇంత. మేరీ టీచర్, పొడుగు ఇంత. ప్రతి పేరు పక్కన తారీఖు. వాటి మధ్యలో, సుజాతకూ మేరీ టీచరుకూ నడుమ, 'కరెంటు స్తంభం' అని రాసి ఉంది. కింద రెండు వరసలు. 'మా గడప మూల నుంచి 27 టేపులు, మీద జానెడు. చర్చి కింది మెట్టు మూల నుంచి 53 టేపులు.' పక్కన తారీఖు. నేను రాయి పాతిన తర్వాతి ఆదివారం.

"ఇవి ఎందుకు కొలిచినవు?"

"మీరు మంచిమాట చెప్పిన్రు. మంచిమాటను రాసుకోవాలె గద. ఆరాధన అయినంక అందరం కొలిచినం. ఒగలు ఆ కొస పట్టిన్రు, ఒగలు ఈ కొస పట్టిన్రు. మా ఇల్లూ చర్చీ రెండూ సల్లగుండాలె అని రెండింటికెల్లి కొలిచిన. ఇయ్యాల మల్ల కొలిచిన. మా గడప కాడికెల్లి పందొమ్మిది టేపులే ఉన్నయి."

"తారీఖు ఎందుకేసినవు?"

"అది మా ధర్మం మేడం. ఏడాదికొకసారి వచ్చి జాకెట్టు బిగుతయింది, నువ్వే తప్పు కుట్టినవంటరు. నేను బుక్కు తీస్త. నేను కుట్టింది ఇది, తారీఖు ఇది, ఇగ పెరిగింది ఎవలో మీరే చెప్పుండ్రి అంట."

టైలర్ టేపు అరవై అంగుళాలు, అంటే ఐదడుగులు. ఇరవై ఏడు టేపులూ జానెడూ మనసులో మీటర్లలోకి మార్చాను. నలభై ఒకటిన్నరకు దగ్గర. కారిడార్‌లో సగం ముప్పై మూడున్నర. మిగిలింది ఎనిమిది మీటర్లు. ఇరవై ఆరడుగులు. నేను ఎండలో నిలబడి చెప్పిన అంకె అక్షరాలా అదే. ఆ సంతకం నాది. ఆ ఫారంలో ఖాళీగా వదిలిన గళ్లు నావి. నేను ఎగ్గొట్టిన టై కొలతలు ఈమె జాకెట్ల బుక్కులో ఉన్నాయి, తారీఖుతో సహా.

ఇంక మిగిలింది ఒకటే ప్రశ్న. రాయి ఎలా నడిచింది?

జవాబు దానంతటదే బుల్లెట్ బండి మీద వచ్చింది. యాదిరెడ్డి పటేల్ అని, రాయి ఉన్న భూమి ఆయనది. ముందు ద్రాక్షతోట ఉండేదట. ఇప్పుడు వెంచరు చేస్తున్నాడు, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడే ఆలోచనలో కూడా ఉన్నాడు. కాబట్టి ఎవరితోనైనా నవ్వుతూనే మాట్లాడతాడు.

"ఏం మేడం, మంచిగున్నరా? మీ రాయి సూసిన్రా, ఎట్లున్నది?"

"మస్తుంది పటేలా. సిమెంటు ఎవరు పోసిన్రు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆయన ఛాతీ విరిచాడు. "నేనే! అది మా ఎనభై ఫీట్ల రోడ్డు నడిమిట్ల వడ్డది. రోడ్డు సాపు జేసే బ్లేడు బండి వస్తే ఎగిరిపోతుండె. వేరేటోడైతే పీకి పారేసేటోడు. నేను పారెయ్యలే. సర్కారు రాయి, పాపం తగుల్తది. మంచిగ లేపి, రోడ్డుకు ఒడ్డుకు పెట్టించి, సిమెంటు పోసి, మల్ల సున్నం గూడ కొట్టిచ్చిన. మీ నంబరు చెరిగిపోతే మా పెయింటరుతోని దిద్దిచ్చిన."

"రోడ్డు ఒడ్డుకు ఎందుకు?"

"స్తంభమే గద మేడం! స్తంభం రోడ్డు నడుమ ఉంటదా? ఒడ్డుకు ఉంటది."

ఆయన తన వీధిలోని కరెంటు స్తంభాన్ని మనసులో పెట్టుకున్నాడు. మా టవరు నాలుగు కాళ్ల మధ్య ఆయన బుల్లెట్టు కాదు, రెండు లారీలు పక్కపక్కన పోతాయి. పొద్దున లేస్తే రాళ్లు పాతి, పీకి, మళ్లీ పాతే ప్రాంతం ఇది. ప్లాటు రాయి కొంచెం జరపడం ఇక్కడ పాపం కాదు, సర్దుబాటు. పటేల్ దొంగతనం చేయలేదు. నలభై అడుగుల మర్యాద చేశాడు, అంతే. నేను ఆ మర్యాదకు దండం పెట్టి సంతకం చేశాను.

రూతమ్మ అక్కడే ఉంది. ఆమె పటేల్ మీద అరుస్తుందనుకున్నాను. ఆమె నావైపు చూసి, "ఇప్పుడేం జేస్తరు మేడం?" అని మాత్రం అడిగింది. అరిచినా బాగుండేది.

మా ప్రాజెక్టు మేనేజరుకు ఫోను చేశాను. గుంటూరు వైపు మనిషి, మాట కరుకు, మనసు సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. విషయం మొత్తం చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"ఏవమ్మా, చెక్ సర్వే సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"గోతులు తవ్వాం. స్టీలు కట్టాం. రేపు ఆరింటికి లారీలు బయల్దేరతాయి. ఇప్పుడు జాకెట్ల బుక్కు చూసి టవరు జరపమంటావా?"

"అవును సార్."

"సాయంత్రం దాకా టైమిస్తున్నా. రుజువు చూపించు. బుక్కు కాదు, రుజువు." పెట్టేశాడు.

టైలర్ టేపు బట్టది, వాడగా వాడగా సాగుతుంది. ముందు దాన్ని మా స్టీలు టేపు పక్కన పరిచి చూశాను. ఐదడుగులకు వడ్లగింజంత సాగింది. ఆ లెక్క సరిచేసుకున్నాను. రూతమ్మ గడప మూల నుంచి ఒక దూరం, చర్చి మెట్టు మూల నుంచి ఒక దూరం. ఒక్క కొలతే ఉంటే రాయి ఆ దూరంలో ఎక్కడైనా ఉండొచ్చు. రెండు కొలతలు ఉంటే రెండు వలయాలు గీయొచ్చు, అవి కలిసిన చోటే రాయి. ఆమెకు ఈ సూత్రం తెలియదు. ఇంటి మీద ఎంత ప్రేమో చర్చి మీద అంత ప్రేమ ఉండబట్టి నాకు రెండో వలయం దొరికింది.

వలయాలు రెండు చోట్ల కలుస్తాయి. ఒకటి కాలనీ నీళ్ల ట్యాంకు మీద పడింది, దాన్ని వదిలేశాం. రెండోది పటేల్ గారి ఎనభై ఫీట్ల రోడ్డు సరిగ్గా నడిమధ్య పడింది.

"సైదులూ, నీ బొగ్గు తియ్యాలె ఇప్పుడు" అన్నాను.

ఆయన గడ్డపార అందుకున్నాడు. అప్పటికి కాలనీలో సగం మంది వచ్చి చుట్టూ నిలబడ్డారు. పటేల్ అడ్డం వచ్చాడు. "ఏ మేడం, మొన్ననే మొరం పోసి రోలర్ తిప్పిన! మంచిగున్న రోడ్డును తవ్వుతరా?"

"నీ రోడ్డు నేను మల్ల గుద్దిస్త పటేలా. జర ఆగు."

ఒక అడుగు తవ్వాం. మొరం. అడుగున్నర తవ్వాం. ఎర్రమట్టి. రెండడుగులు తవ్వాం. ఏమీ లేదు. సైదులు చెమట తుడుచుకుని నావైపు చూశాడు. నేను గడియారం చూసుకున్నాను, నాలుగున్నర. కాలనీవాళ్లలో ఎవరో మెల్లగా ప్రార్థన మొదలుపెట్టారు. నేను దేవుణ్ని అడిగే దాంట్లో కొంచెం మొహమాటస్తురాలిని; అయినా ఆ రోజు ఆ ప్రార్థనకు నేనూ లోపల ఆమెన్ అనుకున్నాను.

"నేల ఎగుడుదిగుడు మేడం. ఆడోళ్లు టేపు ఎంత గుంజి పట్టినా అడుగు, అడుగున్నర తేడా ఉంటది. ఎడల్పు జేద్దాం" అన్నాడు సైదులు.

వెడల్పు చేశాం. పడమటి పక్కన నాలుగో దెబ్బకు గడ్డపార కొసకు నల్లటి పొడి అంటుకుంది. సైదులు గడ్డపార పక్కన పెట్టి, గుంతలో కూర్చుని, చేత్తో మట్టి తోడాడు. దోసెడు బొగ్గులు, ఎలా పోసినవి అలాగే. ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. ఏడాదంతా నేను అన్న మాటలన్నీ నాకే గుర్తొస్తున్నాయి. నాకు కళ్లు చెమర్చాయి. రూతమ్మ మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టి, "సూసిన్రా, సూసిన్రా! నా బుక్కుల రాసింది రాసినట్టే ఉన్నది!" అని అందరికీ చూపించింది.

ఫొటోలు తీసి మేనేజరుకు పంపాను. ఆ బిందువు మీద మిషన్ నిలబెట్టి కోణం చూస్తే నా మొదటి ఎండాకాలపు అంకెతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. ఆయన ఫోను చేశాడు. "లారీలు ఆపేశాను. మీ సైదులుకు ఆ బొగ్గులు ఏ దుకాణంలో కొంటాడో అడుగు, మిగతా గ్యాంగులక్కూడా ఇప్పిద్దాం" అన్నాడు. తర్వాత, "నీకు మెమో ఇస్తాను. తప్పదు. కానీ కాంక్రీటు పోయకముందే చెప్పావు చూడు, అది కూడా అందులో రాస్తాను" అన్నాడు. ఇప్పటిదాకా నాకు వచ్చిన ఒకే ఒక్క మెమో అది. ఇంట్లో బీరువాలో దాచుకున్నాను.

పటేల్ పరేషాన్ అయ్యాడు. ఆయన రోడ్డు టవరు దగ్గర వంకర తిరగాలి. "వంకర రోడ్డు వాస్తుకు మంచిది కాదు" అని ఒక వారం గొణిగాడు. ఆ తర్వాత ఓసారి పోయి చూస్తే కారిడార్ పట్టీ అంతా గడ్డి పరిచి, 'విశాలమైన గ్రీన్ బెల్ట్' అని బోర్డు పెట్టించాడు. మా లైను ఇచ్చిన ఖాళీ జాగాను తన వెంచరు గొప్పగా అమ్ముకున్న తెలివికి నేను ముచ్చటపడ్డాను.

పాత గోతులు పూడ్చి, నలభై అడుగులు పడమరకు కొత్తవి తవ్వాం. అక్కడ కాంక్రీటు పోయడానికి మూడు వారాలు పట్టింది. రూతమ్మ మాత్రం చెప్పిన రోజునే స్లాబు పోసింది. మా గ్యాంగు మొత్తం ఆ రోజు అక్కడ బగారా అన్నం తిన్నాం. గోడ మీది ఎర్ర గీతను సైదులు స్వయంగా సున్నం కొట్టి చెరిపాడు.

తర్వాత టవరు లేచింది. తీగలు లాగే పనిని స్ట్రింగింగ్ అంటాం. ఒక్కో ఫేజుకు ఆరేసి తీగలు కట్టగా లాగుతుంటే కాలనీవాళ్లు కుర్చీలు వేసుకుని చూశారు. అన్నీ అయ్యాక లైనులోకి కరెంటు వదిలారు. మా భాషలో చార్జింగ్. ఆ రోజు సన్నని జల్లు పడుతోంది. తడిలో ఈ లైన్లు తేనెటీగల్లా గుయ్యిమంటాయి. ఆ శబ్దం మొదటిసారి విని రూతమ్మ మేడ మీది కిటికీలోంచి తల బయటపెట్టి, "నా ఆరు మిషన్లు ఒక్కసారి తిరిగినట్టున్నది" అంది.

ప్రతి లైనుకూ చివర్లో ఒక రికార్డు తయారవుతుంది. ఏ టవరు ఎక్కడ ఉంది, దాని ఆనవాళ్లేమిటి అని. లైను ఉన్నన్నాళ్లూ ఆ కాగితాలు ఉంటాయి. తొమ్మిదో మలుపు ఫారంలో టై కొలతల గళ్లు ఈసారి నింపాను. కొలిచినవారు అనే గడిలో మామూలుగా మా సర్వేయర్ల పేర్లు ఉంటాయి. అక్కడ 'రూతమ్మ, టైలర్' అని రాశాను. పై ఆఫీసులో ఎవరో అడిగితే మేనేజరే సర్దిచెప్పాడట.

ఈ కేసు నాకు ఏం నేర్పిందని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. మిషన్ అబద్ధం చెప్పలేదు. తప్పు చోట నిలబెడితే అది తప్పునే మిల్లీమీటర్లలో చెప్పింది. ఆ చోటు సరైనదేనా అన్నది పక్కన బతికేవాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే నష్టం వాళ్లది. అందుకే ఇప్పుడు ఏ ఫారంలోనూ గడి ఖాళీగా వదలను. ఏ రాయి కిందా బొగ్గు మానను. నా సంచిలో టోటల్ స్టేషన్ పక్కనే ఒక టైలర్ టేపు ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లతోనే ఒక కొస పట్టిస్తాను.

ఆ టేపు రూతమ్మ ఇచ్చిందే. చార్జింగ్ రోజున నన్ను మేడ మీదికి పిలిచి, ఆ యూనిఫాం చొక్కా ఇక చూడలేనని చెప్పి, నిలబెట్టి కొలతలు తీసుకుంది. లాంగ్‌బుక్కు తెరిచి, 'కరెంటు స్తంభం' పేజీలోనే అడుగున 'సర్వే మేడం' అని రాసింది. భుజం, చెయ్యి, నడుము. తర్వాత తారీఖు వేసింది.

"నాకు గూడ తారీఖేనా?" అన్నాను.

"మరి? సిమెంటు పోసిన రాయే జరిగింది బిడ్డా, నీ నడుము జరగదా?" అంది రూతమ్మ.